పనస పీట ఎందుకు పగిలింది?

ప్రశ్న: మాది కవిటి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మా పెరట్లో పనస చెట్టు కూలిపోతే పలకలు కోయించి పశువుల శాలలో దాచాం. పోయిన శ్రావణంలో ఒక పలకతో మా అత్తగారికి నేనే పీట చేశాను. అడుగున రెండు అడ్డచెక్కలు పెట్టి ఎనిమిది మేకులు కొట్టాను. వైశాఖం వచ్చేసరికి నిలువునా పగిలింది. చెక్క మంచిది కాదా? మేకులు చాల్లేదా?
- ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చెక్క బంగారం అమ్మా. మా బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ తొలిచేది పనస దుంగనే. దాన్ని అనుమానించకండి. మేకులు చాలకపోవడం కాదు, ఎక్కువైపోయాయి.

చెక్క పొడవులో పెద్దగా మారదు. అడ్డంగా మాత్రం వానాకాలం ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుంటుంది. పది అంగుళాల వెడల్పు పలక దాదాపు ఒక నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, అటూ ఇటూ అవుతుంది. శాలలో చెమ్మ పట్టిన పలకకి మీరు శ్రావణంలో మేకులు కొట్టారు. ఎండలకి అది దగ్గరపడాలని చూసింది, అడ్డచెక్కలు కదలనివ్వలేదు. ఇంకేం చేస్తుంది, పగిలింది.

మా చెల్లి పెళ్లి పీటలు నేనూ ఇలాగే చేశాను. వేసవిలో ఒక రాత్రి టప్పుమని చప్పుడు, లేచి చూస్తే ఈ చివర నుంచి ఆ చివరకి చీలిక. మా నాన్న తిట్టలేదు. పొద్దున్నే మేకులన్నీ నాచేతే పీకించి, గాడి కొట్టడం నేర్పారు. అదే మీకు చెబుతున్నాను.

ముందు చీలిక వెంబడే రంపంతో కోసెయ్యండి. రెండు అంచులూ చిత్రిక పట్టి, ఒకదానికొకటి ఆనించి దీపానికి ఎదురుగా పట్టుకోండి. మధ్యలోంచి వెలుతురు కనిపిస్తే ఇంకా పట్టాలి. కనిపించకపోతే జిగురు రాసి, తాడుతో బిగించి ఒక రాత్రి వదిలెయ్యండి.

తర్వాత అడుగున, పలక మందంలో మూడో వంతు లోతున, రెండు అడ్డ గాడులు. గాడి నోరు ఇరుకుగా, అడుగు వెడల్పుగా ఉండాలి. రంపాన్ని కొంచెం వాల్చి రెండు పక్కలా కోసి, మధ్యది ఉలితో తీసెయ్యండి. అడ్డచెక్క పై అంచుని ఆ ఆకారానికే చెక్కి, పక్క నుంచి తోయండి. ఒక కొస వెంట్రుకవాసి సన్నగా ఉంటే, పోనుపోను బిగుస్తుంది. జిగురు వద్దు. మధ్యలో ఒక్క కర్ర శీల చాలు. పలక దాని చుట్టూ తనకి కావలసినంత జరుగుతుంది, పైగా వంకర తిరగదు. మొదటిసారి గాడి వదులైతే టెన్షన్ పడకండి, ఇంకో అడ్డచెక్క చెక్కుకోండి.

అవిసె నూనె పైనా కిందా సమానంగా రాయండి. ఒక వైపే రాస్తే చెమ్మ రెండో వైపు నుంచే ఎక్కి పలక దోనెలా వంగుతుంది. నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేయకండి, దానంతటదే అంటుకుంటుంది. విప్పి ఆరుబయట ఆరెయ్యండి.

మిగిలిన పలకలు ఇవాళే శాలలోంచి తీయించండి. నేలకి ఇటుకల ఎత్తున, పలకకీ పలకకీ మధ్య సన్న కర్రలు పెట్టి, గాలి ఆడే నీడలో పేర్చండి. ఇంకో పీట మొదలుపెట్టేది ఆ తర్వాతే.