రిజిస్టర్‌లో సమానమే, మరి క్లాసులో?

మీరు అడిగింది ఇది: అభివృద్ధి చెందుతున్న దేశాల్లో చిన్న క్లాసుల్లో అమ్మాయిలూ అబ్బాయిలూ దాదాపు సమానంగా ఉంటున్నారు కదా, హైస్కూలుకి వచ్చేసరికి అమ్మాయిలు ఎందుకు జారిపోతున్నారు, డబ్బు సాయం చేస్తే ఆగుతారా అని.

నేను పన్నెండేళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పాను. డబ్బు పనిచేస్తుంది, కాకపోతే అది ఎవరి చేతికి, ఏ షరతు మీద వెళ్తోందన్నది చూడాలి. అంతకన్నా ముందు అసలు పిల్ల బడి మానడం ఎలా జరుగుతుందో చెప్తాను. చాలా ఏళ్లు నేనే దాన్ని తప్పుగా అనుకున్నాను.

ఒకరోజు తండ్రి "ఇక చాల్లే, మానెయ్" అంటాడు, అంతటితో అయిపోతుంది అనుకునేదాన్ని. ఆ మాట అన్న తండ్రులు నాకు ఇద్దరో ముగ్గురో తగిలారంతే. మామూలుగా జరిగేది ఇలా ఉంటుంది. ఒక సోమవారం రాదు, అమ్మకి జ్వరం. పై వారం రెండు రోజులు రాదు, చంటి తమ్ముణ్ని చూసుకోవాలి. వచ్చిన రోజు పక్కమ్మాయి నోట్సు చూసి ఎక్కించుకుంటూ కూర్చుంటుంది, ఆ రోజు పాఠం కూడా పోతుంది. యూనిట్ టెస్టులో మార్కులు పడిపోతాయి. అప్పుడు ఇంట్లో ఒక మాట పుడుతుంది: "దీనికి చదువు అబ్బడం లేదు." ఇది మాత్రం నేను లెక్కలేనన్నిసార్లు విన్నాను. ఇంక ఎవరూ మానెయ్ అనక్కర్లేదు, పిల్లే ఆ మాట నమ్మేస్తుంది.

ఇందులో నా వంతు పాపం కూడా ఉంది. ఒక ఏడాది పదో తరగతికి సాయంత్రం స్పెషల్ క్లాసు పెట్టాను, ఐదున్నర నుంచి ఏడు దాకా. మొదట్లో పదకొండు మంది అమ్మాయిలు వచ్చారు. మూడు వారాలయ్యేసరికి నలుగురు మిగిలారు. లెక్కలంటే భయం అనుకుని రానివాళ్లని పగలు క్లాసులో నిలబెట్టి తిట్టాను. తిట్లకి భయపడి ఇద్దరు పగలు రావడం కూడా మానేశారు! ఒక సాయంత్రం వెనక బెంచీలో ఒకమ్మాయి బ్యాగు భుజానికి తగిలించుకునే లెక్క చేస్తోంది. ఒక లైను రాస్తుంది, కిటికీలోంచి చూస్తుంది, ఇంకో లైను రాస్తుంది. ఏంటమ్మా అంటే, "వెలుతురు ఎంతుందో చూస్తున్నా మేడమ్" అంది. అప్పటిదాకా వాళ్లు ఎంత దూరం నుంచి నడిచి వస్తున్నారో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

బీహార్ సైకిళ్ల పథకం గురించి చదివింది ఆ తర్వాతే. అక్కడ 2006లో తొమ్మిదో తరగతిలో చేరిన అమ్మాయిలకి సైకిలు కొనుక్కోమని 2,000 రూపాయలు ఇచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు పక్క రాష్ట్రం జార్ఖండ్‌తో పోల్చి చూస్తే, హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగారని, అబ్బాయిలకీ అమ్మాయిలకీ మధ్య తేడా 40 శాతం తగ్గిందని తేలింది. ఆ పెరుగుదల ఎక్కువగా కనిపించింది హైస్కూలు మూడు కిలోమీటర్లు, అంతకు మించి దూరం ఉన్న ఊళ్లలోనే. నాకైతే ఆ కిటికీ గుర్తొచ్చింది.

డబ్బు సంగతికొస్తే బంగ్లాదేశ్‌ని చూడాలి. 1994లో పల్లెల్లో హైస్కూలు అమ్మాయిలందరికీ స్టైపెండ్ పెట్టారు. షరతులు మూడు: 75 శాతం హాజరు, పరీక్షల్లో 45 శాతం మార్కులు, పెళ్లి కాకూడదు. డబ్బు అమ్మాయి పేరు మీద బ్యాంకులో పడేది. ఆ తర్వాత కొన్నేళ్లకే అక్కడ హైస్కూళ్లలో అమ్మాయిల సంఖ్య అబ్బాయిలని దాటింది. ఆ మూడో షరతు నాకు నచ్చుతుంది. ఇంట్లో సంబంధం మాట వచ్చినప్పుడు "ఇప్పుడు చేస్తే స్టైపెండ్ పోతుంది" అనడానికి తల్లికి ఒక సాకు దొరుకుతుంది. కానీ బాల్యవివాహాలు మాత్రం పోలేదు. ఇప్పటికీ అక్కడ ఇరవై దాటిన యువతుల్లో దాదాపు సగం మందికి 18 నిండకుండానే పెళ్లయిపోయింది.

హాజరు షరతే నాకు ఇబ్బందిగా ఉంటుంది. అమ్మకి జ్వరమొచ్చిన పిల్ల దగ్గరే ముందు డబ్బు ఆగిపోతుంది కదా. ఆఫ్రికా దేశం మలావీలో, జొంబా జిల్లాలో దీన్నే పరీక్షించారు. కొందరికి బడికొస్తేనే డబ్బు, కొందరికి ఏ షరతూ లేకుండా డబ్బు. బడిలో నిలబెట్టడంలో షరతు ఉన్నదే మెరుగ్గా పనిచేసింది. అయితే ఆ తర్వాత బడి మానేసిన అమ్మాయిల్లో తొందరపడి పెళ్లిళ్లు, గర్భాలు తగ్గింది షరతు లేని చోట. కాబట్టి "షరతు ఉండాలా వద్దా" అని అడిగితే, లోపల ఉన్న పిల్ల గురించా, బయటికి వెళ్లిపోయిన పిల్ల గురించా అని నేను తిరిగి అడుగుతాను.

శానిటరీ ప్యాడ్లు ఇస్తే హాజరు అమాంతం పెరుగుతుందని చాలామంది అంటారు. నేపాల్లో కొలిచి చూస్తే నెలసరి వల్ల పోతున్న బడి రోజులు ఏడాది మొత్తానికి ఒక్క రోజు కూడా లేవు. అవసరం కాబట్టి ఇవ్వాల్సిందే, హాజరు పెంచుతాయని మాత్రం కాదు. మరుగుదొడ్డి సంగతి వేరు. మా బడిలో గడియ ఊడిపోతే, ఒకమ్మాయి లోపలికెళ్తే ఇంకో అమ్మాయి తలుపు పట్టుకుని నిలబడేది. ఇద్దరికీ క్లాసు పోయేది.

అన్నట్టు, ప్రతిచోటా అమ్మాయిలే వెనక అనుకోవద్దు. ఆఫ్రికాలోనే ఉన్న లెసోతో అనే దేశంలో పశువులు కాయడానికి వెళ్లి చదువు పోగొట్టుకునేది అబ్బాయిలు, హైస్కూళ్లలో అమ్మాయిలే ఎక్కువ.

ఇక మీరు రాసిన "సమానం" అన్న లెక్క. అమ్మాయిల సంఖ్యని అబ్బాయిల సంఖ్యతో భాగిస్తారు. 0.97 నుంచి 1.03 మధ్య వస్తే ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థ యునెస్కో లెక్క ప్రకారం సమానత్వం వచ్చినట్టే. లెక్కించేది రిజిస్టర్‌లో పేర్లని. మీరు ఏ దేశం గురించి చదువుతున్నా, వీలైతే హాజరు, చివరి క్లాసు పూర్తి చేసినవాళ్ల సంఖ్య కూడా పక్కన పెట్టుకుని చూడండి.

నేను స్పెషల్ క్లాసుని పొద్దున, బడికి ముందు గంటకి మార్చాను. మానేసిన ఏడుగురిలో ఐదుగురు తిరిగొచ్చారు. కిటికీ దగ్గర కూర్చునే అమ్మాయి ఇంకో రెండు వారాలు వచ్చింది, తర్వాత రాలేదు. ఆ ఏడాది చివర్లో మా క్లాసు రిపోర్టు రాసింది నేనే: అమ్మాయిలు 31, అబ్బాయిలు 31. టీసీ కోసం ఎవరూ రాలేదు కాబట్టి ఆ 31లో ఆ అమ్మాయి పేరు కూడా ఉంది.