ఆయిల్ లీక్ ఆగలేదు, బాకీ కట్టేదాకా కారు ఇవ్వమంటున్నారు

ప్రశ్న: మేం ఖమ్మంలో ఉంటాం. మా 2011 మోడల్ డీజిల్ కారు నిలిపిన చోట తెల్లారేసరికి రూపాయి బిళ్లంత ఆయిల్ మరక పడేది. హైదరాబాద్‌లో ఒక వర్క్‌షాప్‌కి ఇచ్చాం. మొదట చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టె) ప్యాకింగ్ మార్చి 3,800 తీసుకున్నారు. రెండు వారాలకే మళ్లీ మరక. ఈసారి గేర్‌బాక్స్ దింపి, వెనక క్రాంక్ ఆయిల్ సీల్ (ఇంజిన్ ఇరుసు చివర ఆయిల్ కారకుండా ఆపే రింగు) మార్చామని 14,500 బిల్లు వేశారు. అయినా లీక్ ఆగలేదు. ఇప్పుడు ఇంజిన్ విప్పాలంటున్నారు. మా ఊరి మెకానిక్ మొదట్లోనే ‘పైన ట్యాపెట్ కవర్ (ఇంజిన్ పైమూత) చూపించుకోండి’ అన్నాడు. నేను 12,000 కట్టాను. మిగతా 6,300 కట్టేదాకా కారు ఇవ్వమంటున్నారు. బిల్లు కింద ‘పాత కార్ల పనికి గ్యారంటీ లేదు’ అని అచ్చేసి ఉంది. ఆర్‌సీ మా నాన్నగారి పేరు మీద, బిల్లులు నా పేరు మీద ఉన్నాయి. పోలీసు ఫిర్యాదు ఇవ్వమంటారా? డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: పోలీస్ స్టేషన్‌కి వెళ్లకండి. ఇది సివిల్ తగాదా అని వాళ్లు మిమ్మల్ని తిప్పి పంపిస్తారు. పైగా కారు ఆపుకొనే విషయంలో వర్క్‌షాప్‌కి కొంత బలం ఉంది. ఇండియన్ కాంట్రాక్ట్ చట్టం 1872, సెక్షన్ 170 ప్రకారం మన వస్తువు మీద శ్రమ, నైపుణ్యం పెట్టి పని చేసినవాడు కూలి అందేవరకు ఆ వస్తువును తన దగ్గరే ఉంచుకోవచ్చు. చట్టంలో ఇచ్చిన ఉదాహరణ కూడా అలాంటిదే: సాన పట్టమని ముడి వజ్రం ఇస్తే, పని పూర్తిచేసిన నగల వ్యాపారి కూలి ముట్టేదాకా దాన్ని ఇవ్వనక్కర్లేదు. ‘పని సరిగా చేస్తేనే కదా ఆ హక్కు’ అని మీరు వాదించవచ్చు, ఆ వాదనలో పస ఉంది. కానీ అది తేలేలోగా కారు వాళ్ల ఆవరణలో నెలల తరబడి పడి ఉంటుంది. ఇంజిన్ విప్పారంటే మీ సాక్ష్యమూ దాంతోపాటే పోతుంది.

అందుకని 6,300 కట్టేయండి. నగదు వద్దు, యూపీఐలో పంపండి. పంపేముందు వాట్సాప్‌లో ఒక మాట రాయండి: ‘ఈ బిల్లు మీద నాకు అభ్యంతరం ఉంది. కారు విడిపించుకోవడానికే కడుతున్నాను. నా హక్కులు వదులుకోవడం లేదు. ఇంజిన్ విప్పడానికి నేను ఒప్పుకోలేదు.’ రెండు పనుల జాబ్ కార్డులు (ఏం చూశారో, ఏం చేశారో వర్క్‌షాప్ రాసుకునే కాగితాలు), మార్చామన్న పాత సీల్, పాత ప్యాకింగ్ అడిగి తీసుకోండి. ఇవ్వకపోతే, ఇవ్వలేదని కూడా అక్కడే రాయండి.

ఇక అసలు సంగతి. లీక్ ఆగలేదన్నంత మాత్రాన సేవా లోపం రుజువైనట్టు కాదు. ఆయిల్ కారిన చోట కనబడదు, కిందికి జారి ఎక్కడో తేలుతుంది. ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ పోతే ఆయిల్ ఇంజిన్ వెనక గోడ వెంట దిగి, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య అతుకు దగ్గర బొట్టుబొట్టుగా పడుతుంది. వెనక క్రాంక్ సీల్ పోయినా బొట్టు పడేది అక్కడే. మెకానిక్ పొరబడటం ఒకటి, చూడకుండానే పని మొదలుపెట్టడం మరొకటి. వినియోగదారుల పరిరక్షణ చట్టం 2019, సెక్షన్ 2(11)లో చెప్పిన లోపం ఈ రెండోది. గేర్‌బాక్స్ దింపడమంటే రోజంతా పట్టే పెద్ద పని. దానికి ముందు ఇంజిన్ కడిగి, ఆరబెట్టి, కాసేపు నడిపి, పైనుంచి కిందిదాకా లైటు వేసి చూశారా? జాబ్ కార్డులో ఆ పరీక్ష ప్రస్తావన లేకపోతే మీ కేసుకు అదే పునాది.

నిరూపించాల్సిన భారం మాత్రం మీదే. సేవా లోపాన్ని ఫిర్యాదుదారే రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా, డాల్ఫిన్ ఇంటర్నేషనల్ కేసులో మళ్లీ గట్టిగా చెప్పింది. నేను చూసినంతలో ఇలాంటి ఫిర్యాదులు ఓడేది చట్టం దగ్గర కాదు, తొందరపాటు దగ్గర. కారు ఇంటికి రాగానే తెలిసిన మెకానిక్‌తో ప్యాకింగ్ మార్పించేస్తారు, లీక్ ఆగుతుంది, మనసు కుదుటపడుతుంది. వినియోగదారుల కమిషన్‌లో చూపించడానికి ఏమీ మిగలదు.

మీరు అలా చేయకండి. మీ ఊరి మెకానిక్‌ను నమ్మండి కానీ వెంటనే స్పానర్ పట్టనివ్వకండి. ముందు ఇంజిన్ కడిగించండి. ఆయిల్‌లో అల్ట్రావయొలెట్ రంగు కలిపి నాలుగైదు రోజులు నడపండి. ఆ తర్వాత ప్రత్యేకమైన టార్చ్ వేస్తే ఆయిల్ ఎక్కడ మొదలై ఎటు జారిందో మెరుస్తూ కనబడుతుంది. దాన్ని వీడియో తీయండి, ఆ ఫోన్ పారేయకండి. ఈ పరీక్ష లైసెన్సున్న మోటార్ సర్వేయర్ (బీమా కోసం బండ్ల నష్టం అంచనా వేసే నిపుణుడు) ముందు జరిపించి, సంతకంతో నివేదిక తీసుకోగలిగితే మరీ మంచిది. మెకానిక్ నోటిమాట కంటే దానికి విలువ ఎక్కువ. ఫలానా రోజున పరీక్ష ఉంది, వచ్చి చూసుకోండని వర్క్‌షాప్‌కి ముందే కబురు పెట్టండి. రాకపోతే అది వాళ్ల లోటు. రిపేరు ఆ తర్వాతే చేయించండి. ట్యాపెట్ ప్యాకింగ్ ఒక్కటి మార్చగానే లీక్ ఆగిపోతే, ఆ చిన్న బిల్లే మీ పెద్ద సాక్ష్యం. ఒకవేళ పరీక్షలో కారుతున్నది నిజంగా వెనక సీల్ దగ్గరే అని తేలితే? అప్పుడు వాళ్లు వేసిన కొత్త సీల్ సరిగా కూర్చోలేదన్నమాట. దారి మారుతుంది కానీ కేసు పోదు.

తర్వాత స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజుల గడువివ్వండి. చట్టప్రకారం అది తప్పనిసరి కాదు, కానీ చాలా తగాదాలు అక్కడే తెగుతాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లోనూ ఫిర్యాదు నమోదు చేయించవచ్చు. అయినా దిగిరాకపోతే ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. పని జరిగింది హైదరాబాద్‌లోనైనా, ఫిర్యాదుదారు నివాసం ఉన్నచోట వేసే వీలు 2019 చట్టం సెక్షన్ 34 ఇచ్చింది. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి రుసుము లేదు. వకీలును పెట్టుకోకుండా మీరే వాదించుకోవచ్చు (ఈ మాట రాయడం నా వృత్తికి నష్టమే అనుకోండి). సెక్షన్ 69 ప్రకారం గడువు రెండేళ్లు. ‘వచ్చే వారం చూస్తాం సార్’ అనే ఫోన్ మాటలకు ఆ గడువు ఆగదు.

ఆర్‌సీ గురించి బెంగ వద్దు. సేవ కోసం డబ్బు కట్టింది మీరు, వినియోగదారు మీరే. గ్యారంటీ లేదన్న అచ్చు వాక్యం మహా అయితే సీల్ ఎన్నాళ్లు మన్నుతుందన్న దానికి వర్తిస్తుంది. అజాగ్రత్తకు లైసెన్సు కాదు.

ఎంత వస్తుందంటే, 18,300 మొత్తం రాకపోవచ్చు. కొత్త సీల్, కొత్త ప్యాకింగ్ మీ కారులోనే ఉన్నాయి కదా, పద్నాలుగేళ్లు దాటిన బండికి అవి ఎప్పటికైనా మార్చాల్సినవే అని అవతలివాళ్లు అంటారు. ఆ మాట తీసిపారేయలేం. అందుకే గేర్‌బాక్స్ దింపి ఎక్కించిన లేబర్, సర్వేయర్ ఫీజు, ఖర్చులు, మానసిక వేదనకు ఓ మోస్తరు మొత్తం అడగండి. లక్షలు అడిగితే మీ మాట మీదే నమ్మకం సడలుతుంది.

ఒక్క జాగ్రత్త. ఆయిల్ తగ్గుతోందని తెలిసీ నడిపి ఇంజిన్ సీజ్ అయితే ఆ నష్టం వర్క్‌షాప్ మీద వేయలేరు. నష్టాన్ని తగ్గించుకోవడానికి మీ చేతిలో ఉన్న మార్గాన్ని కూడా కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 73 లెక్కలోకి తీసుకుంటుంది. వారానికోసారి ఆయిల్ గేజ్ తీసి మట్టం చూసి, కిలోమీటర్లు, పోసిన ఆయిల్ కొలత ఒక పుస్తకంలో రాస్తూ ఉండండి. ఆ పుస్తకంలో మొదటి లెక్క హైదరాబాద్‌లో, కారు వర్క్‌షాప్ గేటు దాటకముందే పడాలి.