కొత్తగా స్టోర్ బాధ్యత తీసుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మాధవికి,

మామయ్య ఆశీస్సులు. వచ్చే నెల హైదరాబాదులో ఒక విదేశీ బర్గర్ల కంపెనీ స్టోర్‌కు మేనేజరుగా వెళ్తున్నావని, శిక్షణలో చెప్పిన ‘సంస్థాగత సంస్కృతి’ (పనిచోట అందరూ అలవాటుగా నడుచుకునే తీరు) పాఠాలు నీకు అంతు పట్టడం లేదని మీ అమ్మ చెప్పింది. ఇటువంటి వంటగదుల్లో ఇరవై ఏళ్లకు పైగా గడిపినవాడిగా నాకు తెలిసినది రాస్తున్నాను.

ముందుగా, మాన్యువల్‌ను తేలిగ్గా చూడకు. మెక్‌డొనాల్డ్స్‌లో 1958లో ఫ్రెడ్ టర్నర్ అనే అధికారి నియమాల పుస్తకం రాసినా, 1961లో అమెరికాలోని ఇల్లినాయిలో హాంబర్గర్ యూనివర్సిటీ అనే శిక్షణ కేంద్రం తెరిచినా, నిన్న చేరిన కుర్రవాడి చేతిలోనూ అదే రుచి రావాలన్నదే ఉద్దేశం. అదే కంపెనీ 1996లో ఢిల్లీకి వచ్చినప్పుడు గొడ్డుమాంసం, పందిమాంసం మానేసి, శాకాహారానికి వేరే వంటస్థలం, ఆ పనివారికి ఆకుపచ్చ ఏప్రన్లు ఏర్పాటు చేసింది. ఆ ఏప్రన్ కట్టుకున్న పిల్లవాడు రద్దీలో చికెన్ వైపు చేయి సాయం చేసి, చేతులు కడుక్కోకుండా తిరిగి వస్తే కౌంటరు అవతలివారికి ఎన్నటికీ తెలియదు. అది చూసి నువ్వేం చేశావన్నది మాత్రం వంటగది అంతటికీ తెలుస్తుంది.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. తరిగిన లెట్యూస్ డబ్బా మీద గడువు సమయం రాసిన స్టిక్కరు ఉంటుంది. పారేసిన సరుకు లెక్క రాసే వేస్ట్ షీటులో అంకె పెరిగితే మా పైఅధికారి అందరూ వినేలా చీవాట్లు పెట్టేవాడు. ఒక మధ్యాహ్నం ఆ భయంతో పాత స్టిక్కరును గోటితో గీకేసి, రెండు గంటలు పొడిగించిన కొత్త స్టిక్కరు అంటించాను. వారం తిరగకుండానే పంతొమ్మిదేళ్ల కుర్రవాడొకడు, ఎవరూ చెప్పకుండానే, అదే పని చేస్తూ కనిపించాడు. వాణ్ణి మందలించడానికి నాకు నోరు రాలేదు.

అందుచేత వేస్ట్ షీటులో నిజం రాసినవారి మీద ఎన్నడూ కేకలు వేయకు. అంకె బాగాలేని రోజున పైఅధికారికి నువ్వే ఫోన్ చేసి, ఎంత తరిగించావో, అమ్మకం ఎక్కడ తగ్గిందో చెప్పి, మర్నాడు తక్కువ తరిగించు.

నియమాలు కిందివారికే గానీ పైవారికి కావన్న అనుమానం ప్రతి స్టోర్‌లోనూ ఉంటుంది. ఉద్యోగినితో సంబంధం కంపెనీ నియమాలకు విరుద్ధమని 2019లో మెక్‌డొనాల్డ్స్ తన సీఈఓనే తొలగించింది గానీ, అంత దూరపు కబురుతో మీ పిల్లల అనుమానం తీరదు. వారిలో చాలామంది డిగ్రీ చదువుకుంటూ పనిచేసేవారే ఉంటారు కనుక, పరీక్షల తేదీలూ ఆఖరి బస్సు వేళా కనుక్కున్నాకే షిఫ్టులు వెయ్యి. రాత్రి స్టోర్ మూశాక నూనె వడపోసి ఫ్రయర్ (నూనెలో వేయించే యంత్రం) కడిగే పనిలో నీకూ వంతు వేసుకో. చేతి తొడుగులు లేనిదే దాని దగ్గరకు వెళ్లకు. మంట ఆపాక కూడా ఆ నూనె చాలాసేపు కాగే ఉంటుంది.

ఇట్లు,
మీ మామయ్య