నెల్లూరోళ్ళ నోటికి వియత్నాం తిండి ఎక్కుతుందా? ఇంట్లో పెద్దవాళ్ళతో వెళ్తే ఏం చెప్పాలి?

పులుపూ కారం అలవాటైన ఇంట్లోవాళ్ళు వియత్నాం హోటల్లో తింటారా, తింటే ఏం ఆర్డర్ చేయాలి అని అడిగారు. తింటారు. కాకపోతే మేం చేసినట్టు చేయకండి.

మాది ఇందుకూరుపేట. నాయనకి రొయ్యల గుంతలున్నాయి. పోయినేడు జేజి కంటి పరీక్షకని ఆరుగురం చెన్నై వెళ్ళాం. మధ్యాహ్నానికే ఆస్పత్రి పని అయిపోవడంతో, దగ్గర్లో ఓ చిన్న వియత్నాం హోటల్ ఉందని ఫోన్‌లో చూసి నేనే అందర్నీ లాక్కెళ్ళాను.

తెలిసిన పేరు అదొక్కటే కాబట్టి ముందు 'ఫో' చెప్పాను. (మావాడికి ఏడేళ్ళు. మెనూ చదివి "పొమ్మంటున్నారు నాన్నా" అన్నాడు.) ఎముకల్ని గంటల తరబడి సన్నమంట మీద మరిగించి, దాల్చినచెక్క, అనాసపువ్వు, లవంగం వేసి తీసిన రసంలో బియ్యపు నూడుల్స్ వేసిస్తారు. మసాలాలు మన బిర్యానీవే, కారం మాత్రం ఉండదు. నాయన నాలుగు చెంచాలు తాగి "జొరమొచ్చినోళ్ళకి బాగుంటది" అని గిన్నె నావైపు జరిపేశాడు. అన్నట్టు, ఫో ఎక్కువగా గొడ్డుమాంసంతోనే చేస్తారు. మీ ఇంట్లో తినకపోతే 'ఫో గా' అని చెప్పండి, అది కోడిది. రసం కూడా కోడి ఎముకలదేనా అని ఇంకోసారి అడగండి.

తర్వాత 'గోయ్ కువోన్' వచ్చాయి. పల్చటి బియ్యపు రేకును నీళ్ళలో తడిపి, లోపల రొయ్యలు, ఆకులు, సేమ్యా లాంటి సన్న నూడుల్స్ పెట్టి చుట్టిన రోల్స్ అవి. వేయించరు, చల్లగానే ఇస్తారు. అమ్మ దాన్ని పూతరేకు అనుకుంది. నాయన రేకు విప్పి రొయ్యను బయటికి తీశాడు. "నిలువునా చీల్చి రెండు చేసినారు. వంద కౌంట్ కూడా ఉండదిది" అన్నాడు. (కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క.) రొయ్యల రైతును రొయ్యలున్న చోటికి తీసుకెళ్తే ఇంతే, రేటు లెక్క కట్టకుండా ముద్ద దిగదు. ఆకుల్లో పుదీనా, కొత్తిమీరతో పాటు సోంపు వాసనొచ్చే ఒక రకం తులసి కూడా ఉంటుంది. జేజికి అది నచ్చలేదు. తులసిని రొయ్యల్లో వేస్తారా అని.

అసలు పొరపాటు జేజి దగ్గరే జరిగింది. ఆ రోజు శనివారం, ఆమె నీచు ముట్టదు. కూరగాయల రోల్స్ అడిగాం, 'వెజ్' అనే ఇచ్చారు. పక్కన పెట్టిన సాస్‌లో ముంచుకుని ఒకటి తిన్నాక మా ఆవిడకి అనుమానమొచ్చి అడిగితే, వంటాయన బయటికొచ్చి అందులో చేప సాస్ ఉందన్నాడు. నెత్తళ్ళ లాంటి చిన్న చేపల్ని ఉప్పేసి నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది పైనే ఊరబెట్టి దించే నీరది. మనకు ఉప్పు ఎలాగో వాళ్ళ వంటకి అదలాగ. జేజి ఏమీ అనలేదు, చెయ్యి కడుక్కుంది. సాయంత్రం గూడూరులో ఇడ్లీ తినేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. తప్పు నాదే. ముందే వంటాయన్నే అడిగి ఉండాల్సింది. వియత్నామీస్‌లో శాకాహారాన్ని 'చై' అంటారు, మెనూలో ఆ మాట ఉందేమో చూడండి. ఉన్నా సరే, సాస్ దేంతో చేశారో అడగండి.

మా భోజనాన్ని కాపాడింది ఆఖర్న చెప్పిన రెండు కూరలు. ఒకటి 'కాన్ చువా'. అంటే పుల్లటి చారు. దక్షిణ వియత్నాంలోని మెకాంగ్ డెల్టా వంట. చింతపండు పులుసులో చేప, టమాటా, బెండకాయ, అనాసపండు వేస్తారు. వాళ్ళ ఊళ్ళలో కొరమీనుతో కూడా చేస్తారట, మాకిచ్చింది మాత్రం ఏదో సముద్రపు చేప. "మన పులుసే, నీళ్ళు ఎక్కువైనాయి" అన్నాడు నాయన. అనాసపండు ఎందుకని గొణిగాడు గానీ, మన చేపల పులుసులో మామిడికాయ ముక్క చేసే పనే అక్కడ అది చేస్తుందని అమ్మ పట్టేసింది. రెండోది 'కా ఖో తో'. చేపముక్కల్ని మాడబెట్టిన చక్కెర, చేప సాస్, మిరియాలతో చిన్న మట్టి సట్టిలో దగ్గరపడేదాకా ఉడికిస్తారు. కాస్త తీపి, బాగా ఉప్పన. ఉత్తగా తినలేం, అన్నంలో కలుపుకుంటే మాత్రం సట్టి ఖాళీ అయిపోతుంది.

కాబట్టి మీరు నూడుల్స్ దగ్గర మొదలెట్టకండి. అన్నం, పుల్లచారు, సట్టి చేప మధ్యలో పెట్టించుకుని అందరూ పంచుకోండి. ఫో ఒక్క గిన్నె చాలు, రుచికి. పిల్లలుంటే అది వాళ్ళకే పెట్టండి, మావాడు గిన్నె ఎత్తుకుని తాగేశాడు. చేత్తో కలుపుకుని తినడానికి మొహమాటపడకండి, మా టేబుల్ మీద చాప్‌స్టిక్ పుల్లలు కదిపింది మా ఆవిడ ఒక్కతే. కారం చాలకపోతే పచ్చిమిరప ముక్కలు, నిమ్మబద్ద అడిగితే ఇస్తారు. నాయన మూడుసార్లు తెప్పించుకున్నాడు.