హెడ్‌స్పేస్ గురించి మేనల్లుడికి

అబ్బీ,

పాత .32 పిస్టల్‌కు కొత్త బ్యారెల్ వేసే పని షాపులో నీకు అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మన కడపలో ఆ పని చేయగలిగిన వాళ్లు ఎంతమంది ఉన్నారు? గర్వంగానే ఉంది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

ముందు కాగితాలు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం తయారీకే కాదు, రిపేరుకూ, టెస్టుకూ లైసెన్స్ ఉండాలి. విడి భాగం కూడా ఆయుధం కిందే లెక్క. బిల్లు లేని బ్యారెల్‌ను ముట్టుకోవద్దు, పని ఇంటికి తేవద్దు. ఈ జిల్లాల్లో తుపాకి ముక్క దొరికితే పోలీసులు నీ కథ వినరు.

తూటా లేదని చూడు, విప్పు, కడుగు. ఇవి నీకు తెలుసు.

ఇక హెడ్‌స్పేస్. మూసుకున్న స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) ముఖానికీ, బ్యారెల్ వెనక తూటా కూర్చునే చాంబర్‌లో దాన్ని ఆపే చోటికీ మధ్య ఉండే జాగా అది. .45 ఆటో రకం పిస్టల్‌లో తూటా దాని కేసు, అంటే ఇత్తడి గొట్టం, మూతి దగ్గర ఆగుతుంది, అక్కడ కొలత 0.898 నుంచి 0.920 అంగుళాలు. .32 ఆటో తూటా వెనకున్న సన్నని అంచు మీద ఆగుతుంది. అంటే నువ్వు చూడాల్సింది ఆ అంచు కూర్చునే గాడి లోతు.

నా పక్క బల్ల మీద పనిచేసే ఒకాయన, చెయ్యి మంచిదే, గేజ్ (కచ్చితమైన కొలతకు చేసిన ఉక్కు దిమ్మ) లేకుండా పిస్టల్ ఓనరు ఇచ్చిన తూటాతోనే కొలిచేశాడు. ఎలక్షన్ కోడ్ అయిపోయి స్టేషన్‌లో జమ చేసిన ఆయుధాలు తిరిగొచ్చిన రోజులు, ఓనరు తొందర పెడుతున్నాడు. ఆ తూటా అంచు పల్చన, స్లైడ్ చక్కగా మూసుకుంది. గాడి చాల్లే అని వదిలేశాడు. తర్వాత ఓనరు వేరే పెట్టె విప్పాడు. ఆ తూటా అంచు మందం. స్లైడ్ పూర్తిగా మూసుకోలేదు, అరచేత్తో నెట్టాడు. స్లైడ్ మూసుకోకుండా పేలకూడదు, కానీ లోపల అలా పేలకుండా ఆపే అడ్డు అరిగిపోయి ఉండి, పేలింది. కేసు వెనక భాగానికి ఆధారం లేక చీలింది. మ్యాగజైన్ కిందికి ఎగిరిపడింది, పిడి చెక్కలు పగిలాయి, ఓనరు అరచెయ్యి కాలింది. కన్ను పోకపోవడం ఆయన అదృష్టం.

అందుకే తూటాతో కొలవద్దు. విన్నావా? ఎవరు చెప్పినా సరే.

స్ప్రింగ్, ఎక్స్‌ట్రాక్టర్ (కేసును బయటికి లాగే కొక్కెం) తీసేసి, గో గేజ్ (కనీస కొలతది) పెట్టి స్లైడ్‌ను వేలితో నెట్టు. మూసుకోవాలి. నో-గో (గరిష్ఠ కొలతది) పెడితే మూసుకోకూడదు. గో మీద మూసుకోకపోతే చాంబర్ కోసే రీమర్‌కు నూనె పెట్టి చేత్తోనే, ముందుకే తిప్పు. రెండు మూడు చుట్లకోసారి తీసి, పొట్టు తుడిచి, మళ్లీ గేజ్ పెట్టు. ఎక్కువ కోశావంటే ఆ బ్యారెల్ పోయినట్టే. టైం పట్టనీ. ఓనరు అరిస్తే అరవనీ, టీ తాగించి కూర్చోబెట్టు. అడ్డు అరిగిందేమో మాత్రం మర్చిపోకుండా చూడు.

మొదటి తూటా అనుమతి ఉన్న రేంజ్‌లోనే పేల్చు. అదీ చేతిలో కాదు, పిస్టల్‌ను బిగించి దూరం నుంచి తాడు లాగు. కేసు తీసి చూడు, ఉబ్బినా, కేసు అడుగున నిప్పు పుట్టించే టోపీ బయటికి వచ్చినా అక్కడితో ఆపెయ్.

నా గేజ్‌లు కర్నూలులో ఇంట్లోనే ఉన్నాయి. కొరియర్‌లో పంపను, ఆదివారం వచ్చి తీసుకుపో. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి వస్తావు, అత్త సంగటి చేస్తానంటోంది. కళ్లద్దాలు కొన్నావా లేదా, అది ముందు చెప్పు.

మీ మామ