హఠాత్తుగా మూత్రం ఆగిపోతే: పాఠకుల ప్రశ్నలు, డాక్టర్ల జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. రెండేళ్లుగా ధార సన్నబడింది, రాత్రి నాలుగైదుసార్లు లేస్తున్నారు. పోయిన వారం జలుబు చేస్తే మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని వేసుకున్నారు. మర్నాడు రాత్రి నుంచి చుక్క రాలేదు. బార్లీ నీళ్లు తాగిస్తే వస్తుందంటే తాగించాం, బాధ ఇంకా ఎక్కువైంది. తెల్లారి ఆసుపత్రిలో గొట్టం వేస్తే 900 మిల్లీలీటర్లు వచ్చింది. ఇక ఆపరేషన్ తప్పదా?
- ఓ పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: తప్పదని ఇప్పుడే అనలేం. ముందు ఆ జలుబు మాత్ర సంగతి. ఇలాంటి మాత్రల్లో చాలావాటిలో పారాసెటమాల్‌తో పాటు ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ ఉంటాయి. ఫినైలెఫ్రిన్ ప్రోస్టేట్‌లోనూ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) మూత్రాశయం మెడ దగ్గరా ఉండే కండరాన్ని బిగిస్తుంది. క్లోర్‌ఫెనిరమిన్ మూత్రాశయం ముడుచుకునే బలాన్ని తగ్గిస్తుంది. దారి అప్పటికే ఇరుకైపోయిన మనిషికి ఈ రెండూ ఒకేసారి పడ్డాయి. మలబద్ధకం, మద్యం, బస్సు ప్రయాణంలో గంటలకొద్దీ బిగబట్టుకోవడం, ఏదో ఆపరేషన్‌కు ఇచ్చిన మత్తు, నరాల నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్ కూడా ఇదే పని చేయగలవు. మీ నాన్నగారి విషయంలో కారణం చాలావరకు ఆ మాత్రే అయివుండొచ్చు. అదే నిజమైతే ఒకందుకు మంచిదే, ఎందుకంటే దాన్ని మానేయగలం.

బార్లీ నీళ్ల సలహా మాత్రం పూర్తిగా తప్పు. బయటికి దారి మూసుకుపోయినప్పుడు ఎంత తాగితే మూత్రాశయం అంత సాగుతుంది, సాగినకొద్దీ దాని కండరం పట్టు కోల్పోతుంది. పొత్తికడుపు ఉబ్బి, గట్టిపడి, ముట్టుకుంటే విలవిల్లాడుతుంటే తెల్లారేదాకా ఆగకండి, రాత్రయినా బయల్దేరండి.

గొట్టం వేసిన రోజే ఆల్ఫా బ్లాకర్ మొదలుపెట్టాలి: ఆల్ఫుజోసిన్ 10 మిల్లీగ్రాములు గానీ, టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు గానీ, రోజుకొకటి. ఇది బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది. రెండు మూడు రోజులు వాడాక గొట్టం తీసి చూస్తారు. ఆల్ఫుజోసిన్‌తో జరిగిన ఒక పెద్ద పరీక్షలో, మందు వాడినవాళ్లలో నూటికి 62 మంది గొట్టం తీశాక సొంతంగా మూత్రం పోయగలిగారు. ఉత్తుత్తి (మందు లేని) మాత్ర వేసుకున్నవాళ్లలో 48 మంది. తేడా చిన్నదే అనిపించినా వదులుకోదగ్గది కాదు. మందు లేకుండానే మర్నాడు గొట్టం లాగేసి, రాలేదని మళ్లీ వేయడం చూస్తుంటాం. అది రోగికి అనవసరమైన హింస.

తీసేది పొద్దున్నే అయితే మేలు. మామూలుగా నీళ్లు తాగుతూ, వచ్చిన ప్రతిసారీ కొలవాలి. తర్వాత స్కానింగ్‌లో లోపల మిగిలింది సుమారు 150 మిల్లీలీటర్ల లోపుంటే నిశ్చింత. సాయంత్రానికీ రాకపోతే మళ్లీ గొట్టం వేసి, మరోసారి ప్రయత్నించడమో, టీయూఆర్‌పీ (మూత్రనాళం గుండా పరికరం పంపి ప్రోస్టేట్‌ను తొలిచే) ఆపరేషన్‌కు సిద్ధపడడమో డాక్టర్‌తో మాట్లాడండి. వచ్చినా మాత్ర ఆపకండి. ప్రోస్టేట్ బాగా పెద్దదైతే దాంతో పాటు ప్రోస్టేట్‌ను కుదించే ఫినాస్టెరైడ్ గానీ డ్యూటాస్టెరైడ్ గానీ రాస్తారు, అవి పనిచేయడానికి ఆరు నెలలు పడుతుంది.

మరో మూడు మాటలు. ఈ మాత్రలతో లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు, అందుకని రాత్రి పడుకునే ముందు వేసుకోవడం మంచిది (ఆల్ఫుజోసిన్ అయితే రాత్రి భోజనం అవగానే). శుక్లాల ఆపరేషన్ ఆలోచన ఉంటే టామ్సులోసిన్ వాడుతున్నట్టు కంటి డాక్టర్‌కు ముందే చెప్పాలి. ఇక పీఎస్ఏ పరీక్ష (ప్రోస్టేట్ జబ్బులకు చేసే రక్తపరీక్ష) ఇప్పుడే చేయించకండి; మూత్రం ఆగినప్పుడూ, గొట్టం వేసినప్పుడూ అది దానంతటదే పెరుగుతుంది. నాలుగైదు వారాలు గడవనివ్వండి.

ప్రశ్న: పెద్దవాళ్లకు క్యాథెటర్ (మూత్రం గొట్టం) వేసేటప్పుడు ప్రోస్టేట్ దగ్గరికొచ్చి ఆగిపోతుంది. సన్నది, 12 సైజు ప్రయత్నించాలా?
- స్టాఫ్ నర్సు, నర్సీపట్నం

జవాబు: వద్దు. సన్నది ఉబ్బిన ప్రోస్టేట్ దగ్గర వంగి, లోపలే చుట్టుకుంటుంది. మొదట 16 సైజు ఫోలీ (లోపల నిలవడానికి కొసన బెలూన్ ఉండే మామూలు గొట్టం). అది ఆగితే కొస పైకి వంగిన టీమాన్ రకం 16 లేదా 18, వంపు 12 గంటల వైపు ఉండేలా.

చాలామంది తొందరపడేది జెల్లీ దగ్గరే. తిమ్మిరెక్కించే 2 శాతం లిగ్నోకైన్ జెల్లీ 10 నుంచి 15 మిల్లీలీటర్లు నెమ్మదిగా ఎక్కించి, 5 నిమిషాలు ఆగాలి. అంగాన్ని నిటారుగా, కొంచెం బిగువుగా పట్టుకోవాలి. అడ్డు తగిలినచోట గుచ్చకుండా కాసేపు ఆగి, రోగిని గట్టిగా ఊపిరి తీసి వదలమంటే చాలాసార్లు జారిపోతుంది. బలం పెడితే దారి పక్కకు చీలుతుంది. రెండు ప్రయత్నాల్లో పోకపోతే ఆపి, యూరాలజిస్టు ఉన్న ఆసుపత్రికి పంపండి. అక్కడ పొత్తికడుపు మీదుగా గొట్టం వేయగలరు.

మూత్రం కనిపించినా చాలదు. గొట్టాన్ని రెండుగా చీలే మొదలుదాకా లోపలికి పంపాకే బెలూన్‌లో 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ నింపాలి. నింపుతుంటే రోగి నొప్పితో కేక పెడితే బెలూన్ ఇంకా మూత్రనాళంలోనే ఉందని అర్థం, వెంటనే ఖాళీ చేయండి. చివర్లో వెనక్కి లాగిన ముందోలును తప్పకుండా ముందుకు తెచ్చి వదలండి. మర్చిపోతే అది బిగిసి వాచి, ఇంకో ఎమర్జెన్సీ అవుతుంది.

మధ్యమధ్యలో క్లాంప్ వేసి ఆపుతూ తీయనక్కర్లేదు, ఒకేసారి ఖాళీ కానివ్వొచ్చు. కాస్త ఎర్రగా వచ్చినా మామూలుగా దానంతటదే తేరుకుంటుంది. లీటరు దాటితే మాత్రం రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం చూడాలి, గంటగంటకూ మూత్రం కొలవాలి. వరసగా రెండు గంటలపాటు గంటకు 200 మిల్లీలీటర్లు మించితే వార్డులో ఉంచుకోవాల్సిందే.

ప్రశ్న: గొట్టం ఉన్నా పక్కనుంచి మూత్రం కారుతోంది. ఇంకా పెద్ద సైజు వేయించుకోవాలా?
- ఓ పాఠకుడు, తణుకు

జవాబు: సాధారణంగా అక్కర్లేదు. బ్యాగ్‌లోకి కూడా వస్తుంటే అది మూత్రాశయం ఈడ్చుకోవడం. గొట్టాన్ని తొడకు ప్లాస్టర్‌తో అంటించి, మలబద్ధకం లేకుండా చూసుకుంటే తగ్గుతుంది. బ్యాగ్‌లోకి రావడం ఆగిపోతే గొట్టం మెలిక పడిందేమో చూడండి, లేదంటే మూసుకుపోయినట్టే, అప్పుడు మార్పించాలి. బ్యాగ్ ఎప్పుడూ నడుం కంటే కిందే ఉండాలి గానీ నేలకు తగలకూడదు. గొట్టం చుట్టూ రోజూ సబ్బు నీళ్లతో కడిగితే చాలు, పౌడర్లు, లోషన్లు వద్దు. చలితో జ్వరం వస్తే అదే రోజు డాక్టర్‌కు చూపించండి.