పాత పిల్లల కథల పాత్రలతో ఫ్యాన్ ఫిల్మ్: సినిమా పక్కనపెట్టి పుస్తకం తెరవండి

మీరు అడిగింది ఇది: "చిన్నప్పుడు చదివిన ఫాంటసీ కథల్లోంచి ఒక పాత్రను తీసుకుని, కొత్తగా మార్చి, ఆరేడు నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీయాలని నలుగురు స్నేహితులం అనుకుంటున్నాం. ఎంతవరకు మార్చొచ్చు? హారర్‌గా తీస్తే బాగుంటుందా? కాపీరైట్ గొడవ వస్తుందా?"

ఇలాంటివి నేను రెండు తీశాను. మొదటిది కుదరలేదు. రెండోది ఇప్పుడు చూసినా నాకు ఇష్టమే. ఆ రెండింటి మధ్య నేను నేర్చుకున్నదే మీకు చెబుతాను.

ముందు హారర్ సంగతి. మా మొదటి సినిమా 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' కథలోని ఆలిస్ మీద. పెద్దదైన ఆలిస్‌ను ఒక మానసిక చికిత్సాలయంలో పెట్టాం, తెల్ల కుందేలు చేతికి కత్తి ఇచ్చాం, గోడల నిండా రక్తం పూశాం. తొమ్మిది నిమిషాలు వచ్చింది. చూసినవాళ్లు మేకప్ బాగుందన్నారు, లైటింగ్ బాగుందన్నారు. ఆలిస్ గురించి ఒక్కరూ మాట్లాడలేదు. అది నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

తర్వాత 1865 నాటి లూయిస్ కారల్ పుస్తకాన్ని మళ్లీ మొదటినుంచి చదివాను. అందులో ఆలిస్ భయపడే పిల్ల కాదు, వాదించే పిల్ల. ఎక్కడికి వెళ్లినా ఆమెకు తెలియని నియమాలే, వాటిని ఎవరూ విడమరిచి చెప్పరు. అయినా ఆమె అడగడం మానదు. నువ్వెవరని గొంగళిపురుగు అడిగితే, పొద్దున లేచినప్పుడు తెలుసు గానీ అప్పటినుంచి చాలాసార్లు మారిపోయానని తడబడుతుంది. ఇంత మంచి పిల్లను తీసేసి ఆ స్థానంలో అరుస్తూ పరిగెత్తే ఎవరో అమ్మాయిని పెట్టాం మేం.

అప్పటినుంచి నేనొక పరీక్ష పెట్టుకున్నాను. స్క్రిప్ట్‌లో పాత్ర పేరు కొట్టేసి వేరే పేరు రాసి చూస్తాను. కథ అప్పటికీ అలాగే నిలబడితే ఆ పాత్రను మనం అసలు వాడుకోలేదని అర్థం. మా ఆలిస్ ఆ పరీక్షలో తప్పింది. ఎంతవరకు మార్చొచ్చన్న మీ ప్రశ్నకు నా జవాబు కూడా ఇదే. కాలం, చోటు, వయసు, ముగింపు అన్నీ మార్చుకోవచ్చు. కానీ ఆ పాత్ర అలా ప్రవర్తించడానికి కారణమైనదేదో ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం తాకకండి.

పైగా ఈ పాత కథల్లో చీకటి ముందే ఉంది. కార్లో కొలోడి చెక్కబొమ్మ పినోకియో కథను 1881లో ఒక పిల్లల పత్రికలో సీరియల్‌గా మొదలుపెట్టాడు. బుద్ధి చెప్పబోయిన కీచురాయిని పినోకియో సుత్తి విసిరి చంపేస్తాడు. పదిహేనో అధ్యాయంలో పినోకియోనే చెట్టుకు ఉరి వేస్తారు, రచయిత మొదట కథను అక్కడితోనే ఆపేశాడు. చదివేవాళ్లు ఇంకా కావాలని పట్టుబట్టాక మళ్లీ రాశాడు. కాబట్టి రక్తం కోసం బయట వెతకాల్సిన పని లేదు. హారర్ తీయండి, తప్పు లేదు, కానీ ఆ భయం కథ లోపలినుంచి రావాలి.

ఇక రెండో సినిమా. ఎల్. ఫ్రాంక్ బామ్ 1900లో రాసిన 'ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఓజ్' కథలోని టిన్ వుడ్‌మన్, అదే రేకు మనిషి. సినిమాలు మాత్రమే చూసినవాళ్లలో చాలామందికి తెలియని విషయం ఒకటుంది. పుస్తకంలో అతను మొదట మామూలు మనిషే, అడవిలో కట్టెలు కొట్టుకునేవాడు, ఒక అమ్మాయిని ప్రేమించాడు. మంత్రగత్తె అతని గొడ్డలికి మంత్రం వేస్తుంది. అది జారి ఒక కాలు పోతుంది, తర్వాత రెండో కాలు, చేతులు, తల, చివరికి మొండెం. ఒక్కొక్కటి పోయినప్పుడల్లా రేకుల పనివాడు దాన్ని రేకుతో చేసిపెడతాడు. అలా గుండె కూడా పోయింది, దానితో పాటు ఆ అమ్మాయి మీద ప్రేమా పోయింది.

మేం ఇదంతా తీయలేదు. అదే పుస్తకంలో ఇంకా చిన్న సంఘటన ఒకటుంది. నడుస్తూ నడుస్తూ అతను పొరపాటున ఒక పురుగును తొక్కేస్తాడు. ఏడుస్తాడు. కన్నీళ్లు చెంపల మీదుగా దిగి దవడ కీలు తుప్పు పడుతుంది, నోరు తెరుచుకోదు. పక్కనున్న దిష్టిబొమ్మ నూనె వేసి విడిపిస్తుంది. ఆ రోజునుంచి అతను నేల చూసుకుంటూ నడుస్తాడు. గుండె ఉన్నవాళ్లకు దారి చూపడానికి అదొకటి ఉంది, తనకు లేదు గనక తను ఇంకా జాగ్రత్తగా ఉండాలని అతని నమ్మకం.

మేం మార్చింది ఒక్కటే, అతన్ని ఒంటరివాణ్ని చేశాం. దిష్టిబొమ్మ లేదు, నూనె వేసేవాళ్లు లేరు. నోరు బిగుసుకుపోయి రాత్రంతా రోడ్డు పక్కన కూర్చుంటాడు. పొద్దున అటుగా వచ్చిన ఒక చిన్నపిల్ల నూనె డబ్బా అందుకుంటుంది. ఆరు నిమిషాల నలభై సెకన్లు, ఒక్క డైలాగ్ లేదు. మొదటి ప్రదర్శనలో ముందు వరసలో కూర్చున్న ఒక బాబు సినిమా అయ్యాక వాళ్ల అమ్మను "ఆ పురుగు చచ్చిపోయిందా?" అని అడిగాడు. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

కాస్ట్యూమ్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. మొదట అట్టపెట్టెలకు అల్యూమినియం ఫాయిల్ అంటించాం. కెమెరాలో అది వంటింటి ఫాయిల్ లాగే కనబడింది. తర్వాత ఈవీఏ ఫోమ్ (రబ్బరులా వంగే తేలికైన పదార్థం) షీట్లు తెచ్చి, హీట్ గన్‌తో వేడిచేసి వంచి, పైన రెండు మూడు పూతలు జిగురు పట్టించి, ఆరాక వెండి రంగు స్ప్రే చేశాం. కీళ్ల దగ్గర గోధుమ రంగు, నలుపు కలిపి స్పాంజితో అద్దితే తుప్పులా వచ్చింది. తేలిగ్గా ఉంటుంది, నటుడు గంటలకొద్దీ నిలబడగలడు. అయితే ఫోమ్ చప్పుడు చేయదు. రేకు మనిషి నడుస్తుంటే చప్పుడు రాకపోతే ఎవరూ నమ్మరు. స్టీలు మూతలు, పాత డబ్బాలు, తలుపు బందులు పెట్టుకుని ఒక గదిలో కూర్చుని ప్రతి అడుగుకూ విడిగా శబ్దం రికార్డ్ చేశాం. షూటింగ్ రెండు రోజుల్లో అయిపోయింది, శబ్దానికి మూడు వారాలు పట్టింది. ఆ సినిమాలో నాకు బాగా నచ్చేది కూడా ఆ శబ్దమే.

ముఖానికి మాత్రం లోహపు పొడి రంగులు వాడొద్దు. ఇదే ఓజ్ కథతో వచ్చిన 1939 హాలీవుడ్ సినిమాలో ఈ పాత్రకు మొదట ఎంపికైన బడ్డీ ఎబ్సన్, మేకప్‌లోని అల్యూమినియం పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లి ఆసుపత్రి పాలయ్యాడు. ఆ పాత్ర జాక్ హేలీకి వెళ్లింది, అతనికి పొడి బదులు పేస్ట్ వాడారు. ముఖానికి వాడొచ్చని రాసి ఉన్న క్రీమ్ రంగులు దొరుకుతాయి, అవే వాడండి.

ఇప్పుడు కాపీరైట్. నేను లాయర్ని కాను, నాకు ఎదురైనంతవరకే చెబుతున్నాను. పుస్తకం వేరు, దాని మీద తీసిన సినిమా వేరు. ఓజ్ మొదటి పుస్తకం అందరిదీ అయిపోయి చాలా కాలమైంది. 1939 సినిమా అమెరికాలో ఇంకా కాపీరైట్‌లోనే ఉంది. మా మొదటి డ్రాఫ్ట్‌లో రోడ్డు పక్కన ఎర్రగా మెరిసే చెప్పుల జత ఒకటి పెట్టాం. ఆ ఎరుపు సినిమాది. పుస్తకంలో కథానాయిక డొరతీ వేసుకునేవి వెండి చెప్పులు, రంగుల సినిమాలో బాగా కనబడాలని మార్చారు. పడమటి దిక్కు మంత్రగత్తె (గొడ్డలికి మంత్రం వేసినామె కాదు) ఆకుపచ్చ ముఖం కూడా సినిమాదే, పుస్తకంలో ఆమెకు ఒంటికన్ను. మేం వెండి చెప్పులకు మారాం, రాత్రి షాట్‌లో అవే బాగున్నాయి.

అంత జాగ్రత్తపడి కూడా ఒకచోట దొరికిపోయాం. 1939 సినిమాలోని ఒక పాట ట్యూన్‌ను మా సినిమాలో నటించిన చిన్నపిల్ల చివర్లో ఇరవై సెకన్లు కూనిరాగం తీసింది. వీడియో పెట్టిన మర్నాడే కాపీరైట్ క్లెయిమ్ వచ్చింది. టెన్షన్ పడి అంతా తీసేసి, ఆ రాగం తొలగించి, నూనె చుక్క పడే శబ్దం ఒక్కటే ఉంచి మళ్లీ పెట్టాం.

దేశాన్ని బట్టి కూడా లెక్క మారుతుంది. 'విన్నీ ద పూ' అనే ఎలుగుబంటి మొదటి పుస్తకం 1926ది, అమెరికాలో 2022 జనవరి 1న స్వేచ్ఛగా మారింది. కానీ పూ స్నేహితుడైన పులి టిగ్గర్ వచ్చింది 1928 పుస్తకంలో, అతని కోసం 2024 దాకా ఆగాల్సి వచ్చింది. రచయిత మిల్న్ 1956లో చనిపోయాడు కాబట్టి, చనిపోయాక 70 ఏళ్లు లెక్కగట్టే దేశాల్లో 2026 చివరిదాకా హక్కులు ఉంటాయి. పీటర్ పాన్ హక్కులను దాని రచయిత జె. ఎం. బారీ 1929లో లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రికి ఇచ్చేశాడు, బ్రిటన్‌లో 1988 చట్టం వల్ల ఆ ఆసుపత్రికి ఇప్పటికీ రాయల్టీ అందుతుంది. ఈ ఏర్పాటు నాకు ఎంతో నచ్చుతుంది.

కొత్త పాత్రలైతే హక్కుదారుల దయ మీద ఆధారపడాలి. హ్యారీ పాటర్ కథల్లోని విలన్ వోల్డెమార్ట్ గతం మీద ఇటలీ అభిమానులు తీసిన సినిమాకు నిధులు సేకరిస్తుంటే వార్నర్ బ్రదర్స్ అడ్డుచెప్పింది, లాభం తీసుకోకూడదన్న ఒప్పందం మీద తర్వాత సరేనంది. అది 2018లో ఆన్‌లైన్‌లో ఉచితంగా వచ్చింది. "లాభాపేక్ష లేదు" అని మొదట్లో ఒక కార్డు వేస్తే చాలని కొందరంటారు. ఆ కార్డు ఒక్కటే మిమ్మల్ని కాపాడదు.

నిడివి ఆరేడు నిమిషాలు సరిగ్గా సరిపోతుంది. ఆలిస్ మొదటిసారి తెరకెక్కింది 1903లో, బ్రిటన్‌లో, అదీ దాదాపు పన్నెండు నిమిషాలే. పుస్తకమంతా చెప్పాలని వాళ్లు చూడలేదు, జనానికి తెలిసిన దృశ్యాలు కొన్ని ఎంచుకున్నారు. మీకూ ఆ వెసులుబాటు ఉంది. పాత్రను పరిచయం చేయడానికి రెండు నిమిషాలు ఖర్చుపెట్టకండి, చూసేవాళ్లకు అతను ముందే తెలుసు.

మీరు ఏ పాత్ర అనుకుంటున్నారో రాయలేదు. తేలాక, ఆ పుస్తకం పూర్తి ప్రతిని తీసుకుని నలుగురూ విడివిడిగా చదవండి. కాపీరైట్ తీరిన పుస్తకాలు చాలావరకు ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంటాయి. తలా ఒక సంఘటన కాగితం మీద రాసుకుని, ఒకరికొకరు చెప్పుకోకుండా తీసుకురండి. రేకు మనిషి సినిమా మాకు అలాగే మొదలైంది. నాలుగు కాగితాలు విప్పితే, మూడింటిలో ఆ పురుగే ఉంది.